స్వల్ప సంఘటన

మార్చి 6

బోర్డువారి బావమరిదికి,

ముప్పై ఏళ్ల కిందట మా ఇంట్లో, ఇదే భోజనాల బల్ల దగ్గర కూర్చుని నువ్వొక మాట ఇచ్చావు. మా ప్రెస్సులో కాగితాల గోదాముకు పురుగుమందు కొట్టిన మర్నాడు మిషన్‌మ్యాన్ కుప్పకూలిపోతే, పురుగుమందుల భద్రతా బోర్డు తరఫున విచారణకు నువ్వే వచ్చావు. కొత్త ఉద్యోగం, కొత్త బ్యాగు, కొత్త ఆవేశం. "తలుపులు మూసిన చోట ఈ మందు కొట్టకుండా ఏడాది తిరిగేలోపు ఆపించకపోతే నన్ను తమ్ముడని పిలవొద్దక్కా" అన్నావు. మీ అక్క ఇంకా నిన్ను తమ్ముడనే పిలుస్తోంది. ఆ ఉదారత ఆవిడది. నాకు అంత లేదు. మిషన్‌మ్యాన్ బతికాడు గానీ మళ్లీ మిషన్ దగ్గరికి రాలేదు.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావని తెలుసు. ఫోనులో నువ్వు నీళ్లు నములుతావు, తర్వాత అలా అనలేదంటావు. నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి, నాకు కాగితమే నమ్మకం.

సంగతి ఇది. మా భవనంలో బొద్దింకలు పెరిగాయని చలికాలం నుంచి నెలనెలా మొదటి సోమవారం మందు కొట్టిస్తున్నారు. ఆ ఏర్పాటు మా సంఘం సెక్రటరీది. అతను మెట్ల మీద ఎదురుపడినా నోటితో పలకరించడు, మర్నాడు తలుపు కింద నుంచి సర్క్యులర్ తోస్తాడు. అందుకని అందరం అతన్ని సర్క్యులర్ అనే అంటాం. మందు కొట్టేది గాలి ఆడని వరండాలో. ఆ వరండా చివర, చెత్త జారవిడిచే గొట్టం పక్కన ఉన్నది మీ అక్క కుట్టుమిషన్ గది. తలుపు కింద సందులోంచి వాసన లోపలికి వచ్చి వారం రోజులు కదలదు. తడిగుడ్డలు కుక్కి చూశాను. గుడ్డకే వాసన పట్టింది.

ఆవిడ చేతులు వణుకుతున్నాయి. సూదిలో దారం ఎక్కించాలంటే దారం కొస సూది చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టిచ్చే మనిషి, పోయిన నెల ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే వేసింది. అది చూసి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డబ్బా మీది సన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. పేరు కొత్తది, బొమ్మ కొత్తది, లోపల ఉన్నది ఆ పాత మందే. ముప్పై ఏళ్లలో దాని చొక్కా మారింది, అంతే. నువ్వేమో మెట్టు మెట్టుగా ఎక్కి ఇప్పుడు ఫిర్యాదుల విభాగానికి పెద్దవయ్యావు. కనక దీన్ని బావ రాసిన ఉత్తరం అనుకోకు, ఫిర్యాదు అనుకో. నిన్ను తిట్టిన భాగం మాత్రం బావదే.

మీ అక్క భర్త

*

మార్చి 17

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. ఆరోగ్యం ఎలా ఉంది అని మీరూ అడగలేదు, నేనూ అడగను. మీ చేతిరాత చూస్తే మీరు దిట్టంగానే ఉన్నారని తెలుస్తోంది.

బావా, మూడు పేజీలు రాశారు. రెండు పేజీలు నన్ను తిట్టడానికే పోయాయి. బ్యాచ్ నంబరు ఒక్కచోట కూడా లేదు. డబ్బా మీద అడుగున ముద్ర వేసి ఉంటుంది, అది కావాలి. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మందు కొట్టిన మనిషి ఎంత నీళ్లలో ఎంత కలిపాడో కావాలి.

మీకు మా పద్ధతి చెప్పాలి, లేకపోతే ఇంకో మూడు పేజీలు వస్తాయి. మా విభాగంలో నలుగురం. దేశం మొత్తం మీద ఎవరికి దద్దురు వచ్చినా, ఎవరి కుక్క చచ్చిపోయినా ఉత్తరం మాకే వస్తుంది. ప్రతి దానికీ ఒక తరగతి వేస్తాం: స్వల్పం, మధ్యమం, తీవ్రం, మరణం. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంటే గానీ మధ్యమం కాదు. స్వల్పమైన వాటికి మా దగ్గర విడి ఫైలు ఉండదు. మందు తయారుచేసిన కంపెనీ మూడు నెలలకోసారి అన్నీ కలిపి ఒక అంకె పంపుతుంది. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు ఆ కంపెనీకే పంపి సంజాయిషీ అడుగుతాం. ఇది నేను పెట్టిన నియమం కాదు, చట్టంలో ఉంది.

ఆ పాత మాట సంగతి. నేను ప్రతిపాదన పెట్టాను బావా. ఒకసారి కాదు. కమిటీ ప్రతిసారీ ఒకటే అంది: సంఘటనలు చాలినన్ని లేవు. అప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదు. కోపం ఎక్కువ, నియమాలు తక్కువ తెలుసు.

అక్కను మంచి డాక్టరుకు చూపించండి. డబ్బా మీరు వాసన చూడకండి.

మీ బావమరిది

*

ఏప్రిల్ 3

తరగతులు వేసే అధికారిగారికి,

నువ్వడిగినవి సంపాదించాను. ఒక్కొక్కటీ ఎలా సంపాదించానో వింటే నీ నలుగురికీ జీతాలు దండగని నీకే అనిపిస్తుంది.

ముందు డాక్టరు. ఆయన మీ అక్క చేతులు చూశాడు, ముఖం చూశాడు, పుట్టిన సంవత్సరం చూశాడు. "వయసండీ" అన్నాడు. వయసు వల్ల వచ్చిన వణుకైతే నెల మొదట్లో ముదిరి నెలాఖరుకు తగ్గుతుందా అని అడిగాను. మందు కొట్టిన వారం గ్లాసు పట్టుకోలేదు, నాలుగో వారానికి కూరగాయలు తరుగుతుంది, మళ్లీ సోమవారం వస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ముసలితనం కేలండర్ చూసుకుని రావడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన నవ్వి, వణుకు అని ఒక్క ముక్క రాసిచ్చాడు. కారణం అనే చోట గీత గీశాడు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకోండి అని బతిమాలాను. మంచాలు జబ్బు చేసినవాళ్లకండీ అన్నాడు.

తర్వాత మందు కొట్టే మనిషి. మంచివాడే, మాటకారి. ఎంత కలుపుతావయ్యా అంటే, బక్కెట్టుకు రెండు మూతలని రాసుంటుంది, నాలుగు వేస్తానన్నాడు. ఎందుకంటే రెండు వేస్తే వాసన రాదట. వాసన రాకపోతే మీ జనమే పోయినసారి కొట్టలేదని సెక్రటరీకి చెప్పారట. ముక్కు మండితే గానీ మా భవనంలో ఎవరికీ డబ్బు గిట్టుబాటు కాదు. చదువుకున్నవాళ్లం కదా. బ్యాచ్ నంబరు వెనక పేజీలో రాశాను.

ఇక అసలు ముక్క. పోయిన వారం నేను పఠన మందిరానికి వెళ్లినప్పుడు కంపెనీ మనిషి మా ఇంటికొచ్చాడు. మా ఇంటి నంబరు, మీ అక్క పేరు, చేతుల సంగతి అన్నీ తెలుసు అతనికి. రిబ్బను కట్టిన బుట్ట ఇచ్చిపోయాడు. అందులో ఏమున్నాయో ఊహించు. ఆ మందే, ఆరు డబ్బాలు, ఇంట్లో వాడుకునే సైజు, ఉచితంగా. మీ విశ్వాసానికి కృతజ్ఞతలు అని చీటీ.

వెనకటి రాజులు అన్నంలో విషం ఉందేమోనని ముందు వేరే మనిషి చేత తినిపించేవాళ్లు. ఆ మనిషి వంటవాడు కాకుండా చూసుకునేపాటి తెలివి వాళ్లకు ఉండేది. మీ బోర్డు ఒక్కటే వంటవాణ్ణి పిలిచి ఎలా ఉందయ్యా అని అడుగుతుంది.

మా చిరునామా వాడి చేతిలో పెట్టింది నువ్వేనా?

బుట్టను తాళం వేసిన పెట్టెలో పెట్టినవాడు

*

ఏప్రిల్ 12

బావగారికి,

చిరునామా ఇచ్చింది మా విభాగమే. సంజాయిషీకి పంపేటప్పుడు ఫిర్యాదు పూర్తిగా పంపాలి. బుట్ట ఇవ్వడం మాత్రం తప్పు, మందలిస్తూ రాశాను.

కోపం తెచ్చుకోకుండా ఇది చదవండి. కంపెనీ సంజాయిషీ వచ్చింది. మందును డబ్బా మీద చెప్పినట్టు కాకుండా రెట్టింపు కలిపారు, కనక దోషం వాడినవారిది. బాధితురాలిని స్వయంగా కలిశాం, ప్రస్తుతం తనకు ఏ ఇబ్బందీ లేదని ఆవిడే చెప్పారు. ఇదీ సారాంశం. నేను నమ్మలేదు. కంపెనీవాళ్లు ఎన్నో రాస్తారు. అందుకే ఆదివారం మీరు బయటికెళ్లే వేళ చూసి అక్కకు ఫోను చేశాను.

"మీ బావ సంగతి నీకు తెలీదా తమ్ముడూ, గోరంత ఉంటే కొండంత రాస్తారు. నాకేం లేదు, నిన్ననే రెండు లంగాలకు అంచు కుట్టాను" అంది. గొంతు హాయిగా ఉంది. పిల్లల సంగతులు అడిగింది, నేను సన్నబడ్డానా అని అడిగింది.

బావా, మీ గురించి నాకు తెలియదా? నీళ్ల పన్ను మీద మీరు రాసిన ఉత్తరాలు, బస్సు కండక్టర్ మీద రాసినవి, పేపర్లో సంపాదకీయం తప్పుగా ఉందని వరసగా రాసినవి, అన్నీ నాకూ నకళ్లు పంపేవారు. వాటిలో కొన్ని న్యాయమైనవే. కానీ ఈసారి నా మీద పాత కోపానికి అక్క చేతులను సాక్ష్యంగా పిలిచారేమో అనిపించింది. అలా అనిపించినందుకు తిట్టండి.

ఫైలు మూశాను. తరగతి: స్వల్పం. సంతకం నాదే.

మరో ఎనిమిది నెలల్లో నేనూ రిటైరవుతాను. అప్పుడు వచ్చి మీ దగ్గర పది రోజులుంటాను, తీరిగ్గా తిట్టుకోవచ్చు.

మీ బావమరిది

*

ఏప్రిల్ 16

మూసినవాడికి,

లంగాలకు అంచు కుట్టింది మీ అక్క కాదు. కింది అంతస్తులో ఉండే రిటైరైన నర్సు కుట్టిపెట్టింది. మీ అక్క నీతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒడిలో అదిమి పట్టుకుని నవ్వుతోంది. నన్ను చూసి కూడా నవ్వు ఆపలేదు. ఎందుకలా చెప్పావంటే, అంత దూరం నుంచి వాడేం చేస్తాడండీ, ఊరికే బెంగ అంది. అది ఫోనులో తమ్ముడితో చెప్పిన మాట కాదు, బోర్డుతో చెప్పిన మాట అని ఆవిడకు తెలియదని నేననుకోను. నువ్వైనా అర్థం చేసుకోవాలి కదా. జబ్బు మనిషిని ఫోనులో ఎలా ఉన్నావని అడిగి ఫైలు మూసే పరిశోధన ఎక్కడ నేర్చుకున్నావు?

బడివాళ్లు యూనిఫారాల గుడ్డ వెనక్కి తీసుకుపోయారు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది. ఆ గదిలోకి వెళ్లడం మానేసింది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ మిషన్ చప్పుడు వింటూ చదువుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు ఒక పేజీ రెండుసార్లు చదవాల్సి వస్తోంది.

ఏప్రిల్ మొదటి సోమవారం వరండాకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సర్క్యులర్ వచ్చాడు. జీవితంలో మొదటిసారి నోరు విప్పి, మెజారిటీ తీర్మానం సార్, బోర్డు నుంచి కాగితం తెండి ఆపేస్తాను అన్నాడు. బోర్డులో మా బావమరిది ఉన్నాడు అన్నాను. అయితే ఇంకేం సార్ అన్నాడు. ఆ మాటలో ఉన్న వెటకారం నీ ఖాతాలో వేశాను. మందు మాత్రం నా కుర్చీ చుట్టూ కొట్టి పోయారు.

ఇక ఊరుకోలేక ప్రతి తలుపూ తట్టాను. నువ్వు ముప్పై ఏళ్లుగా చాలినన్ని లేవంటున్న సంఘటనలు మా మెట్ల మీదే ఉన్నాయి. నర్సుకు దగ్గు, వాతావరణం అనుకుంది. పై అంతస్తు పసివాడికి ఒళ్లంతా దద్దుర్లు, సబ్బు మార్చారు. మేడ మీద ఆయన పెంచుకునే చిలక పోయింది, చిలకలు పోతూనే ఉంటాయి అనుకున్నాడు. ఎవరికి వారు ఇంకేదో అనుకున్నారు. అందరి చేతా ఒక ఉత్తరం మీద సంతకాలు పెట్టించి దీనితో పంపుతున్నాను. సర్క్యులర్ పెళ్లాం కూడా పెట్టింది, మొగుడికి చెప్పొద్దంది.

వచ్చి చూడు. తమ్ముడిగా రానక్కర్లేదు, జీతం తీసుకునేవాడిగా రా.

నీ పాత కోపం

*

మే 2

బావగారికి,

సంతకాల ఉత్తరం అందింది. మా నియమం ప్రకారం ఒక ఉత్తరంలో ఎంతమంది ఉన్నా అది ఒక సంఘటన కిందే లెక్క. ఒకే చోట, ఒకే మందు, ఒకే రోజు. దయచేసి విడివిడిగా రాయించండి. ఈ వాక్యం రాస్తుంటే మీ ముఖం కనపడుతోంది.

ఇంకో సంగతి. మొన్న మీ ఊరి మీదుగా పనిపడి వెళ్తూ మీ ఇంటికి వచ్చాను. చెప్పకుండా రావాలనే వచ్చాను, చెబితే మీరు మనుషుల్ని వరసలో నిలబెడతారని. మీరు లేరు. ఏదో కొనుక్కురావడానికి వెళ్లారని అక్క చెప్పింది. అరగంట కూర్చున్నాను. టీ ఇచ్చింది. శాలువా కప్పుకుని ఉంది, జలుబు చేసి చలిగా ఉందంది. చేతులు చూపించమంటే చూపించింది, కాసేపు చూశాను, పెద్దగా వణుకు కనపడలేదు. మీరన్న నెలాఖరు లెక్క నాకు గుర్తుంది, కాదనను. కానీ నా కళ్లతో చూసింది నేను కాదనలేను కదా.

బావా, అక్కకు మీ ఉత్తరాల వల్లే ఎక్కువ దిగులుగా ఉందేమో ఆలోచించండి. ఆవిడే అంది, మీ బావను కాస్త నిమ్మళించమని రాయి అని.

రాస్తున్నాను.

మీ బావమరిది

*

మే 5

నిమ్మళంగా ఉన్నవాడికి,

నువ్వు వచ్చిన సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. ఆ రోజు మీ అక్క నన్ను ఊరి ఆ చివరకు పంపింది, ఫలానా రంగు దారం కావాలని. మిషన్ మీద దుప్పటి కప్పిన మనిషికి దారం ఎందుకని నేను అడగలేదు. మళ్లీ కుడుతుందేమోనని ఆశపడి పరుగెత్తాను. నాలుగు దుకాణాలు తిరిగాను. స్టేషన్ నుంచి నువ్వు ఫోను చేశావట కదా, చెప్పకుండా వచ్చిన వీరుడా.

నువ్వు తాగిన టీ నర్సు కాచి ఫ్లాస్కులో పోసింది. నీ కప్పులోకి వంచిందీ నర్సే, నువ్వు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు. నిన్న నేను గట్టిగా అడిగితే చెప్పింది పాపం, అక్కగారు ఒట్టు వేయించుకున్నారండీ అంటూ.

ఇద్దరు మగాళ్లం. ఒకడు ప్రతి అక్షరం దిద్దినవాడు, ఇంకొకడు ప్రతి ప్రమాదానికీ తరగతి వేసేవాడు. వంట గదికీ వరండాకీ మధ్య తిరిగే ఒక ఆడమనిషి ఇద్దరి చెవుల్లోనూ పువ్వులు పెట్టింది.

నిన్న మళ్లీ మొదటి సోమవారం.

ఇంకేం రాయను.

*

మే 6

బావా,

నేను రాసిన దానికి మీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపే ఇది రాస్తున్నాను.

ఆ రోజు మీ ఇంటికి వచ్చినప్పుడు నా కోటు గుండీ ఒకటి ఊడిపోవడానికి సిద్ధంగా వేలాడుతోంది. అక్క దాన్ని చూసింది. చూసిందని నాకు తెలుసు, మాట్లాడినంత సేపూ దాని వంకే చూసింది. నా చిన్నప్పటి నుంచీ అక్క నన్ను ఊడిన గుండీతో గడప దాటనివ్వలేదు. పరీక్షకు ఆలస్యమవుతోందని నేను ఏడుస్తుంటే నిలబెట్టి కుట్టింది. నా పెళ్లిలో ఫోటోవాణ్ణి ఆపి కుట్టింది. మొన్న ఏమీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్లు అంది. నేను తిన్నగా వచ్చేశాను.

నిన్న ఆఫీసులో కోటు తగిలిస్తుంటే గుండీ కింద పడింది. వంగి తీసుకున్నాను. వంగినవాణ్ణి అలాగే కూర్చుండిపోయాను. పక్క సీటు అమ్మాయి వచ్చి, నడుం పట్టేసిందా సార్ అని అడిగింది.

అక్క ఫైలు తిరిగి తెరవమని ఈ ఉదయం రాసిచ్చాను. దానితో పాటు ఒక సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది, బాధితురాలు నా సొంత అక్క అని. మొదట్లోనే చెప్పి వేరే అధికారికి అప్పగించాలి, చెప్పలేదు. బంధువు ఫైలు బంధువే మూయడం మా దగ్గర పెద్ద తప్పు. ఏమవుతుందో చూడాలి. మీ భవనంలో వాళ్లందరి చేతా విడివిడిగా రాయించండి. నర్సుగారి చేత ముందు రాయించండి. అక్కను నరాల డాక్టరుకు చూపించండి, చిరునామా జత చేశాను. మందు కొట్టే వారం ఆవిణ్ణి నర్సుగారి ఇంట్లో ఉంచండి, ఆ వరండాలో మాత్రం వద్దు.

తమ్ముడు

*

ఆగస్టు 21

బావగారికి,

ఉత్తర్వు వచ్చింది. తలుపులు మూసి ఉండే నివాస భవనాల్లో ఆ మందు వాడకం నిలిపివేశారు, తాత్కాలికంగా, మరింత పరిశీలన జరిగేవరకు. తాత్కాలికం అనే మాటను మీరు ఎర్రసిరాతో కొట్టేస్తారని తెలుసు. కానీ మా బోర్డులో తాత్కాలికంగా పెట్టినవి చాలా మటుకు అలాగే ఉండిపోతాయి, మా కుర్చీలతో సహా.

మీ భవనం నుంచి వచ్చిన విడి ఉత్తరాలు పని చేశాయి. వాటిని చూసి, అక్క ఫైలు అప్పగించిన కొత్త అధికారిణి ఇంకో మూడు ఊళ్లలో భవనాలకు మనుషుల్ని పంపింది. అక్కడా సంఘటనలు మెట్ల మీదే దొరికాయట. ఫిర్యాదు కంపెనీకి పంపేటప్పుడు పేరూ చిరునామా తీసెయ్యాలని కూడా ఆవిడే రాయించింది. మంచి అమ్మాయి, కోపం ఎక్కువ. నియమాలు కూడా తెలుసు, అదీ తేడా.

నన్ను విభాగం నుంచి తీసేశారు. మిగిలిన నెలలు రికార్డు గదిలో కూర్చోమన్నారు. నా సేవా పుస్తకంలో నా తప్పు గురించి ఒక పంక్తి రాశారు. వీడ్కోలు సభ ఉండదు, ఉపన్యాసాల బాధ తప్పింది. ఇందులో అన్యాయం ఏమీ లేదు బావా, మీకంటే ముందు నేనే అంటున్నాను.

అక్క చేతుల గురించి నరాల డాక్టరు ఏమన్నాడో మీరు రాయలేదు. అక్కను అడిగితే బాగున్నాయంటుంది. ఆ మాట ఇక నేను నమ్మను. మీరే రాయండి. నా మీద మీకు ఇంకా కోపం ఉందా లేదా అన్నది కూడా రాయండి. ఎవరిది తప్పు అంటారు మీరు, ఇదంతా అయ్యాక?

మీ బావమరిది

*

సెప్టెంబరు 2

రికార్డు గదిలో ఉన్న బావమరిదికి,

తాత్కాలికం అనే మాటను కొట్టేశాను. నువ్వు చెప్పావని కాదు.

ఇక్కడి సంగతులు. ఉత్తర్వు వచ్చిన మర్నాడే సర్క్యులర్ ఒక సర్క్యులర్ తోశాడు: నివాసుల ఆరోగ్యం దృష్ట్యా సంఘం స్వయంగా చొరవ తీసుకుని మందును నిలిపివేసిందట. అందులో ఐదు తప్పులున్నాయి, దిద్ది వాడి తలుపు కిందే తోశాను. కంపెనీవాళ్లు పేపర్లో ప్రకటన వేశారు, తాము ఎప్పటి నుంచో ఆపుదామనుకుంటున్నామని. వణుక్కి వయసని పేరుపెట్టిన డాక్టరు మొన్న దారిలో కనపడి, నాకు అప్పుడే అనుమానం వచ్చిందండీ అన్నాడు. అనుమానాన్ని ఎక్కడ దాచారండీ అని అడిగాను. మందు కొట్టే మనిషి ఇప్పుడు మూలల్లో ఏదో జిగురు పెట్టి పోతున్నాడు. వాసన లేదని అప్పుడే ఇద్దరు ఫిర్యాదు చేశారు.

చేతుల సంగతి. ఎడమది వచ్చింది. గ్లాసు పట్టుకుంటుంది, తలుపు తీస్తుంది. కుడిది రాలేదు. రాదు అని నరాల డాక్టరు అన్నాడు. మందు పడటం మార్చిలోనే ఆగి ఉంటే వచ్చేదేమో, ఆ తర్వాత రెండు నెలలు పీల్చడంతోనే నరం దెబ్బతింది అన్నాడు. నువ్వు నర్సు ఇంట్లో ఉంచమన్న ఉత్తరం వచ్చేసరికి మే నెలది కూడా పీల్చేసింది. ఈ మాటలు ఆయన ఆవిడ ముందే అన్నాడు. ఆవిడ బల్ల మీదున్న పుర్రె బొమ్మను చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం అడిగాను. అరవలేదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. కంపెనీవాడితో ఎందుకు చెప్పావు ఏమీ లేదని, ఫోనులో ఎందుకు చెప్పావు, ఇంటికొచ్చినవాడి ముందు శాలువా ఎందుకు కప్పుకున్నావు అని అడిగాను.

కంపెనీవాడు మాటల్లో అన్నాడట, ఈ ఫిర్యాదు పెద్దదైతే ఆ విభాగం పెద్దకే ఇబ్బంది, బంధువు కదా, పైగా రిటైరయ్యే ముందు అని. నా ఉత్తరం పూర్తిగా పంపావు కదా, మనం ఎవరమో వాడికి అందులోనే తెలిసింది. ఆవిడకు అంతే చాలింది.

"వాడు చిన్నప్పుడు ఏ తప్పు చేసినా వచ్చి నా వెనకే నిలబడేవాడండీ. నేను అడ్డం నిలబడటం అలవాటైపోయింది" అంది.

మరి నేనో అన్నాను.

"మీరెలాగూ వాణ్ణి వదలరు. ఇద్దరం కలిసి మీద పడితే వాడెక్కడికి పోతాడు?"

లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను.

నువ్వు అడిగావు గనక రాస్తున్నాను. కంపెనీవాడు బతుకుతెరువు కోసం అబద్ధం ఆడాడు, అలాంటివాళ్లు ప్రతి కాలంలోనూ ఉన్నారు. డాక్టరు సోమరి. సర్క్యులర్ మూర్ఖుడు. నువ్వు పిరికివాడివి, నియమాల చాటున దాక్కున్నావు, చివరికి బయటికొచ్చావు, దెబ్బ తిన్నావు. మీ అందరి లెక్కా నా దగ్గర తేలిపోయింది. ఎవరినీ క్షమించలేదు గానీ, రాత్రి పడుకుంటే మీరెవరూ గుర్తుకు రావడం లేదు. దీన్ని తీపికబురు అనుకోకు.

కానీ ఒక మనిషి కావాలని, తెలిసి తెలిసి, నవ్వుతూ, నాకు ఒక్క మాట చెప్పకుండా, నన్ను దారానికి పంపి, తన కుడిచేతిని నీ ఉద్యోగానికి అడ్డం పెట్టింది. ఆ ఉద్యోగమూ నీకు మిగల్లేదు. ఆ చెయ్యీ మాకు మిగల్లేదు. ఆ చేతి మీద నాకు ఏమీ హక్కు లేదన్నట్టు ఇచ్చేసింది. ఇప్పుడు పక్కగదిలో ఎడమచేత్తో రేడియో తిప్పుతూ, ఎవరికండీ అంత సేపు రాస్తున్నారు, వాణ్ణి తిట్టకండి అంటోంది.

నిన్ను తిట్టడం లేదు. ఇదంతా అయ్యాక కూడా, ఈ వయసులో కూడా, నేను తప్పు పట్టేది ఒక్కరినే.

మీ అక్కని.